సీటు ఉండగా నిలబడ్డాను

ఇన్నేళ్లూ ఎందుకు రాయలేదని అడిగితే, నాకు చెరపడమే వచ్చు, రాయడం రాదు అని చెప్పాలి. దబీర్‌పురా స్టేషన్ దగ్గరి ఒక బడిలో నేను ఆయాగా పనిచేశాను. పొద్దున గంట కొట్టేదాన్ని. మధ్యాహ్నం చిన్నపిల్లల టిఫిన్ డబ్బాలు మూతలు తీసి ఇచ్చేదాన్ని. సాయంత్రం అందరూ వెళ్లిపోయాక ప్రతి గదిలోనూ నల్లబల్లను తడిగుడ్డతో తుడిచేదాన్ని. దాని మీద ఏముందో నాకు తెలియదు. గుండ్రంగా ఉంటే తెలుగు, పై గీత పట్టుకుని వేలాడుతుంటే హిందీ, కుడి నుంచి ఎడమకు పారుతుంటే ఉర్దూ. అక్కడికే నా చదువు.

చిన్నప్పుడు మా అమ్మ కూలికి పోతే తమ్ముళ్లను ఎత్తుకునే పని నాది. పెళ్లయ్యాక ఉద్యోగం, పిల్లలు. ఆ తర్వాత సిగ్గు. బడిలో పనిచేసే మనిషి తనకు చదువు రాదని ఎలా చెప్పుకుంటుంది? పంతులమ్మలు కాగితం ఏదైనా చేతికిస్తే, "కండ్లద్దాలు ఇంట్ల మర్చిపోయిన మేడం, జెర మీరే చెప్పుర్రి" అనేదాన్ని. అప్పటికి నాకు కళ్లద్దాలే లేవు.

ఉద్యోగం అయిపోయాక నిజంగానే కళ్లద్దాలు వచ్చాయి. అదే రోజుల్లో మా చర్చి వరండాలో పాస్టరుగారి భార్య మధ్యాహ్నం పూట ఆడవాళ్లకు చదువు చెప్పడం మొదలుపెట్టారు. అందరిలోకీ పెద్దదాన్ని నేనే. ఇప్పుడు నేనిది రాస్తుంటే మా ఆయన మంచం మీద నుంచి మెడ చాచి చూస్తున్నాడు.

"నా గురించేనా? మంచిగ రాయి మల్ల. జెర అందంగ గూడ రాయి."

అందం సంగతి నాకు తెలియదు. జరిగింది రాస్తాను.

ఆయన బస్సు డిపోలో మెకానిక్‌గా చేసి రిటైరయ్యాడు. ఇంజను చప్పుడు విని దాని రోగం చెప్పేవాడు. ఇంట్లోనూ ఆ చేతులు ఊరుకునేవి కావు. మిక్సీ, కుక్కరు పిడి, పక్కింటి ఆపా కుట్టుమిషను, ఏది చెడిపోయినా ముందు ఆయన దగ్గరికే వచ్చేది. ఎవరి దగ్గరా పైసా పుచ్చుకునేవాడు కాదు. అయితే ఎవరి దగ్గరా ఏదీ ఊరికే తీసుకునేవాడు కూడా కాదు. రంజాన్ నెలలో ఆపా ఒక గిన్నె హలీం పంపితే, తిని చేయి కడుక్కుని, పానా పట్టుకుని వెళ్లి వాళ్ల నల్లా వాషరు మార్చి వచ్చేవాడు. "తిన్నది అరగాలె గద" అనేవాడు.

ఆపా గోడ మీద నుంచి నాతో అనేది: "క్యా అమ్మా, ఖీర్ భేజీ తో భాయ్ ఛత్ బదల్‌తే క్యా?" ఖీర్ పంపితే ఇంటి కప్పు మార్చేస్తాడా ఏంటి అని.

ఇలాంటి మనిషి ఒక్క చోటు నుంచి మాత్రం లేచి వెళ్లిపోయేవాడు. మా చర్చిలో నెలలో మొదటి ఆదివారం ప్రభువు బల్ల ఉంటుంది. రొట్టె ముక్క, చిన్న గ్లాసులో ద్రాక్షరసం అందరూ తీసుకుంటారు. ఎవరితోనైనా గొడవ ఉన్నవాళ్లు, మనసు బాగా లేనివాళ్లు తీసుకోకుండా కూర్చుంటారు. కొందరు బయటికే వెళ్లిపోతారు. మా ఆయన ప్రతి ఆదివారమూ చివరి బెంచీలో కూర్చునేవాడు, పాటలు పాడేవాడు, ప్రసంగం వినేవాడు. బల్ల మీది తెల్లగుడ్డ తీయగానే లేచి, ఎదురుగా ఉన్న ఇరానీ హోటల్‌కు వెళ్లి చాయ్ తాగుతూ కూర్చునేవాడు.

కారణం ఆయన అన్న. మాకు రెండో పక్కిల్లు ఆయనదే, మధ్య ఒక గోడ ఉండేది. దాన్ని పెంచాలా వద్దా అని మొదలైన లొల్లిలో మా ఆయన బస్తీ అందరి ముందూ అన్నను ఒక మాట అన్నాడు. ఆ మాట ఏమిటో నాకు తెలుసు, రాయను. ఆ నెలే, బల్ల ముందు నిలబడి అప్పటి పాస్టరుగారు, తగని స్థితిలో తీసుకునేవాడు తన మీదికి తీర్పు తెచ్చుకుంటాడని గట్టిగా హెచ్చరించారు. మా ఆయన లేచి వెళ్లిపోయాడు. ఇంటికి వచ్చి, "ముందు అన్నతోని సాఫ్ జేసుకుంట, మల్ల తీసుకుంట" అన్నాడు. ఇవాళ కాదు రేపు అనుకుంటూ ఉండగానే ఆ అన్న గుండె ఆగి పోయాడు.

అప్పటి నుంచి ఈయన మా తోటికోడలి ఇంటి చుట్టూ తిరిగాడు. ఫ్యాను బాగుచేశాడు, మోటారు బాగుచేశాడు, తలుపులకు కొత్త బందులు వేశాడు. చివరికి ఆమే, "ఇగ ఈ ఇంట్ల ఖరాబయ్యేటిది ఏం మిగల్లే, పోయి జెర పండుకోరాదూ" అంది. కానీ బల్ల దగ్గరికి మాత్రం రాలేదు. మంచివాడినయ్యాక వస్తాననేవాడు. ఆ రోజు ఎప్పుడో ఆయనకే తెలియదు.

ఇక నా సంగతి. ఆ బల్లకు ద్రాక్షరసం చేసేది నేనే. శనివారం మాదన్నపేట మార్కెట్‌కు వెళ్లి నల్ల ద్రాక్ష ఏరి తెచ్చేదాన్ని. పండు దొరకని నెలల్లో ఎండుద్రాక్ష నానబెట్టేదాన్ని. ఆపా దగ్గర పెద్ద దేక్చా అడిగి తెచ్చి, ఉడకబెట్టి, చల్లార్చి, మల్లుగుడ్డలో వడగట్టేదాన్ని. గుత్తుల నుంచి పండ్లు తుంచి, చితికినవి పక్కకు తీసే పని మా ఆయనది. గోళ్లలో ఎన్నేళ్లదో గ్రీజు నలుపు, ఆ చేతుల్లో నల్ల ద్రాక్ష.

"బండి ఎక్కేది మీరు, నేను క్లీనర్‌ను" అని నవ్వేవాడు.

ఆదివారం చిన్న గ్లాసులు పళ్లెంలో వరసగా మెరుస్తుంటే నాకు గర్వంగా ఉండేది. శుక్రవారం ఉపవాసాలు, చర్చి ఊడ్చడం, జబ్బు చేసినవాళ్ల ఇళ్లకు గంజి మోసుకుపోవడం, ఈ ద్రాక్షరసం, అన్నీ పైన ఎక్కడో నా పేరున జమ అవుతున్నాయని నమ్మేదాన్ని. నాకు పోను మిగిలింది ఆయనకు సరిపోతుందని కూడా అనుకునేదాన్ని. రేషన్ కార్డు మీద బియ్యం తెచ్చేది భార్య అయినా భర్త కూడా తింటాడు కదా, అలాగన్నమాట.

చదువు వచ్చాక ఆ నమ్మకానికి మొదటి దెబ్బ తగిలింది. వరండాలో పాస్టరమ్మగారు నా చేత వాక్యం చదివించారు. అదే భాగం చర్చిలో ఎన్నోసార్లు విన్నాను. చదివేవాళ్లు గడగడా చదువుతారు, నేను తల ఊపుతాను. ఇప్పుడు వేలు పెట్టి ఒక్కొక్క అక్షరం కూడబలుక్కుంటుంటే ఏ మాటా తప్పించుకుని పోలేదు. పనిచేసినవాడికి ఇచ్చేది కూలి అవుతుంది, దానం కాదు. పనేమీ చూపకుండా దేవుణ్ణి నమ్మినవాడికేమో ఆ నమ్మకమే నీతిగా లెక్కలోకి వస్తుంది. ఇదీ అక్కడి సంగతి. నేను వేలు తీయలేదు.

"అమ్మగారూ, గిదేంది? ఏం చెయ్యనోన్ని గూడ నీతిమంతుడంటడా దేవుడు?"

"నమ్మితే అంటడు పెద్దమ్మా."

"మరి నా ద్రాక్షపండ్లు?"

ఆమె నవ్వు ఆపుకోలేకపోయారు. "నీ ద్రాక్షపండ్లు మంచియే. కానీ దేవుడు నిన్ను కూలికి పెట్టుకోలే, బిడ్డను చేసుకున్నడు. బిడ్డ తన ఇల్లు ఊడ్చి కూలి అడుగుతదా?"

"అడగదు. కానీ యాదిల పెట్టుకుంటది" అన్నాను.

వరండా అంతా నవ్వింది. నేను మాత్రం ఆ రోజు కోపంగానే ఇంటికి వెళ్లాను.

రెండోది బస్సులో జరిగింది. ఆడవాళ్లకు బస్సు ఉచితం చేసిన కొత్తల్లో, మా ఆయన షుగరు మందుల కోసం అఫ్జల్‌గంజ్ వైపున్న పెద్ద దవాఖానకు ఒక్కదాన్నే బయలుదేరాను. కండక్టరమ్మ నా ఆధార్ కార్డు చూసి జీరో టికెట్ చేతిలో పెట్టింది. నేను కొంగుముడి విప్పి డబ్బులు ఇవ్వబోయాను.

"వద్దమ్మా, పెట్టుకో. ఆడోళ్లకు ఫ్రీ గద."

సరే అని డబ్బులు ముడేసుకుని, రాడ్డు పట్టుకుని నిలబడ్డాను. బస్సు సగం ఖాళీ. కండక్టరమ్మ వెనక దాకా వెళ్లి టికెట్లు కొట్టి తిరిగి వచ్చింది. నేను అలాగే ఉన్నాను.

"అమ్మా, గన్ని సీట్లుండంగ నిలబడ్డవేంది? మోకాళ్ల నొప్పులా?"

"లేదు బిడ్డా. పైసలియ్యలే గద."

ఆమె నుదురు కొట్టుకుంది. "ఓయమ్మా! నీ పైసలు కట్టేటోళ్లు కడ్తున్రు. కూసో నువ్వు."

కూర్చున్నాను, సీటు అంచు మీద. పైసలిచ్చినవాళ్లెవరైనా ఎక్కితే వెంటనే లేవడానికి వీలుగా.

ఇంటికి వచ్చి చెబితే మా ఆయన కళ్లలో నీళ్లు వచ్చేదాకా నవ్వాడు. గోడ దగ్గరికి వెళ్లి ఆపాకు చెప్పాడు. చాయ్ హోటల్లో చెప్పాడు. తోటికోడలిని పిలిచి మరీ చెప్పాడు. "టికెట్ చేతిలకొచ్చినంక నిలబడుడేందే? డ్రైవర్‌కు తోవ చూపెట్టనీకెనా?" తర్వాత కాస్త తగ్గి, డిపో మనిషి కదా, వివరంగా చెప్పాడు. "ఉట్టిగ గాదే అది. నీ వంతు గవర్నమెంటు కడ్తది. డిపోకు ఒక్క పైస తక్కువ రాదు. నువ్వు నిలబడ్డా రాదు, కూసున్నా రాదు."

విన్నాను. అయినా అలవాటు పోలేదు. ఆ తర్వాత కూడా ఎవరో ఒకరు కసిరేదాకా రాడ్డు పట్టుకునే ఉండేదాన్ని.

ఆ షుగరే చివరికి ఆయన కాలు పట్టింది. బొటనవేలి దగ్గర చిన్న పుండు, నొప్పి తెలియదు కనుక పట్టించుకోలేదు. పెద్ద దవాఖానలో చేర్చుకునేసరికి పాదం నల్లబడింది. పాదం తీసేయాలి, సోమవారం పొద్దున ఆపరేషన్ అన్నారు డాక్టర్లు. గుండె కూడా అంత గట్టిగా లేదని మా కొడుకును పక్కకు పిలిచి చెప్పారు. పక్కకు పిలిచి చెప్పిన మాట మంచం మీది మనిషికి వినపడకుండా ఉంటుందా?

శనివారం నేను బత్తాయి ఒలుస్తుంటే మెల్లగా అన్నాడు: "కాలు పోతే పోనీ. పని జేసి పెట్టింది ఇన్నేండ్లు. కానీ బల్ల కాడికెల్లి లేచిపోయినోన్ని, గట్లనే పోతనేమోనని భయమైతుందే."

ఆయన నోట భయమనే మాట నేను అంతకు ముందు వినలేదు.

"రేపు అయ్యగారిని రమ్మంట. ఇక్కడికే తెస్తరు" అన్నాను.

"వద్దు. అన్నతోని సాఫ్ గాలే. ఇగ గాదు గూడ. మంచంల పడి నేనేం జెయ్యాలె? ఒక్క ఫ్యానన్న బాగుజేసి తీసుకుందమంటే లేవనీకి లేదు."

నేను వినలేదు. పాస్టరుగారికి ఫోను చేశాను.

మరునాడు బల్ల ఆదివారం. నేను దవాఖానలో ఉండటంతో ద్రాక్షరసం ఇంకొకామె చేసింది. ఆమెకు నేర్పింది నేనే, కానీ చక్కెర ఎంత చెప్పినా ఎక్కువే వేస్తుంది. నిజం చెప్పాలంటే, భర్త కాలు తీసేస్తారన్న దిగులు మధ్యలో కూడా, నేను లేకుండా బల్ల ఎలా జరుగుతుందన్న బెంగ నాకు ఒక మూల ఉంది. ఏ ఇబ్బందీ లేకుండా జరిగిందట.

సాయంత్రం, చూడటానికి మనుషుల్ని వదిలే వేళకు పాస్టరుగారు వచ్చారు. వయసులో మా కొడుకంతవాడు. చేతిలో స్టీలు డబ్బా, చిన్న సీసా. స్టూలు మీద తెల్లగుడ్డ పరిచారు. మా ఆయన గుడ్డను చూసి ముఖం గోడవైపు తిప్పుకున్నాడు. లేచి వెళ్లిపోవడానికి కాలు సహకరించదు కదా.

"అన్నా, మీ అన్నగారితోని సాఫ్ చేసుకునుడు ఇగ మీ చేతుల లేదు. మీ చేతుల లేదు గనుకనే ప్రభువు తన మీద వేసుకున్నడు. నమ్మి చెయ్యి చాపుడొక్కటే మీది" అన్నారు పాస్టరుగారు.

"అయ్యగారూ, మీరు మంచోళ్లు. కానీ బ్రేకులు బాగలేని బండిని నేను డిపో దాటనియ్య. ముందు బాగుజెయ్యాలె, మల్ల రోడ్డెక్కాలె."

"బండి తనంతట తనే బాగైతదా అన్నా?"

"గాదు."

"మరి?"

"మరేముంది? నేను బండిని గాదు గద, మెకానిక్‌ను."

పక్క మంచం మీదున్న ముసలాయన కూడా లేచి కూర్చుని వింటున్నాడు. నాకు ఒక్కసారిగా కోపమూ, జాలీ, నవ్వూ కలిసి వచ్చాయి.

"ఏందయ్యా, టికెట్ చేతిలకొచ్చినంక నిలబడుడేంది?" అన్నాను.

ఆయన ముఖం ఇటు తిప్పాడు. "ఏం టికెట్?"

"సీటుండంగ నిలబడ్డదని నన్ను బస్తీ అంత నవ్విచ్చినవ్ గద. నువ్విప్పుడు ఏం జేస్తున్నవ్?"

ఆయనకు అర్థమైంది. ఓడిపోవడం ఇష్టం లేక అన్నాడు: "గది ఆడోళ్లకే. మొగోళ్లు పైసలు పెట్టాల్సిందే."

పక్క మంచం ముసలాయన కిసుక్కున నవ్వాడు.

"ఈ బండిల ఆడ మొగ లేదు. కట్టేటాయన కట్టిండు. డిపోకు పైస తక్కువ రాదని నువ్వే చెప్పినవ్. నువ్వు నిలబడ్డా రాదు, కూసున్నా రాదు."

ఆ మాట ఆయనకు చెబుతూ ఉండగానే అది నాకు తగిలింది. ఇన్నేళ్లూ ఆయన ఒక్కడే నిలబడి ఉన్నాడనుకున్నాను.

"నేను గూడ నిలబడే ఉన్ననయ్యా" అన్నాను. "ద్రాక్షపండ్లు పట్టుకొని."

"నీకేమైందే? నువ్వు నెలనెలా తీసుకుంటవ్ గద."

"తీసుకున్న. కొనుక్కున్నట్టు తీసుకున్న."

ఆయన సెలైన్ లేని చేతిని దుప్పటి కింద నుంచి తీసి చూసుకున్నాడు. గోళ్లలో ఆ నలుపు అలాగే ఉంది. రిటైరై ఎంత కాలమైనా పోలేదు.

"చేతులన్న కడుక్కోనియ్యి."

నల్లా వార్డు బయట ఉంది. నేను మగ్గుతో నీళ్లు తేవచ్చు. లేవబోయి ఆగాను.

"గట్లనే పట్టు" అన్నాను.

పట్టాడు. అరచేయి పూర్తిగా తెరిచి పట్టాడు. ఎవరి దగ్గరా ఊరికే ఏమీ తీసుకోని చేయి అది. పాస్టరుగారు రొట్టె ముక్క అందులో పెట్టారు. తర్వాత గ్లాసు అందించారు. తాగి, కళ్లు మూసుకుని, "అన్నా" అన్నాడు. పాస్టరుగారిని కాదు. మేమిద్దరం తల వంచుకున్నాం.

కళ్లు తెరిచి, ముక్కు తుడుచుకుని, నావైపు వంగి గుసగుసగా అన్నాడు: "చక్కెర జాస్తి ఏసింది. షుగర్ పేషెంటుకు గింత తియ్యగనా?"

నేనూ తీసుకున్నాను. తుంచింది నేను కాదు, వడగట్టింది నేను కాదు. చక్కెర నిజంగానే ఎక్కువైంది. గ్లాసు అడుగు దాకా తాగాను.

మగవాళ్ల వార్డులో రాత్రి ఆడవాళ్లను ఉండనివ్వరు. కొడుకును అక్కడ ఉంచి నేను ఇంటికి వచ్చాను.

మరునాడు పొద్దున లేచి ప్రార్థన చేసుకున్నాను. ఆపరేషన్ అయ్యేదాకా పచ్చి మంచినీళ్లు కూడా ముట్టకూడదని ముందే అనుకున్నాను, ఆ ఉపవాసం చూసైనా దేవుడు ఆయన్ను కాపాడాలని. ఇంతలో ఆపా గోడ మీద నుంచి వేడివేడి ఖిచిడీ గిన్నె అందించి, "ఖాకే జాఓ అమ్మా, భాయ్‌కూ కుఛ్ నై హోతా" అంది. తినే వెళ్లు, ఆయనకేమీ కాదు అని. గడప మీద కూర్చుని కడుపునిండా తిన్నాను. గిన్నె కడిగి, మామూలుగా అయితే అందులో ఏదో ఒకటి వేసి ఇచ్చేదాన్ని, ఆ రోజు ఖాళీగానే ఇచ్చాను. ఆపా గిన్నెలోకి చూడలేదు, నా ముఖంలోకి చూసింది.

తర్వాత ఆయనకు ఉతికిన లుంగీ, తువ్వాలు సంచిలో పెట్టుకుని మాదన్నపేటలో అఫ్జల్‌గంజ్ బస్సు ఎక్కాను. ఆధార్ చూపించాను. కండక్టరు టికెట్ చేతిలో పెట్టింది. కిటికీ పక్కన సీటు ఖాళీగా ఉంది. వెళ్లి, వీపు వెనక్కి ఆనించి, కూర్చున్నాను.